లాక్ పట్టే మదర్‌బోర్డు

కంప్యూటర్ ఆగిపోయిన రోజు పొద్దున నేను ఒక పుస్తకం టైపు చేస్తూ నూట పన్నెండో పేజీలో ఉన్నాను. డీజిల్ పైపులోకి గాలి చేరితే ఏం చేయాలో చెప్పే అధ్యాయం అది. తెర ఒక్కసారిగా నల్లబడింది. కరెంటు పోయిందేమోనని తల పైకెత్తితే ఫ్యాను తిరుగుతూనే ఉంది. బటన్ నొక్కాను. లోపల చిన్న ఫ్యాను రెండుసార్లు కదిలినట్టే కదిలి ఆగిపోయింది. అయిదారుసార్లు ప్రయత్నించి, తీగెలన్నీ పీకి మళ్లీ పెట్టి, చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మచిలీపట్నంలో మా ఇంటి ముందు గదే నా డీటీపీ షాపు. పద్దెనిమిదేళ్లుగా పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అక్కడే కూర్చుని టైపు చేస్తున్నాను. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. ఇంటర్ అవగానే పట్టుబట్టి నాచేత టైపు లోయరు, హయ్యరు పాస్ చేయించారు. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. షాపు మాత్రం మొదటినుంచీ నాదే. అందులో ఏ సామాను కొనాలన్నా, ఏది మార్చాలన్నా నేనే చూసుకునేదాన్ని. అయితే అన్నేళ్లలో కంప్యూటర్ డబ్బా మూత మాత్రం ఒక్కసారీ తీసి చూడలేదు. పాడైతే కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేయడం, అతను బాగుచేసి వెళ్లడం, అంతే.

అప్పుడు నా చేతిలో ఉన్న పుస్తకం ఒక బోటు ఇంజను మేస్త్రిగారిది. ఆయనది దివిసీమలో నాగాయలంక దగ్గర సముద్రం పక్క పల్లె. తండ్రి, తాతలు చేపల వేటకెళ్లిన మనుషులు. ఈయన మాత్రం చిన్నప్పుడే ఇంజన్ల దగ్గర చేరి, ఆ పనిలోనే యాభై దాటారు. ఒకసారి వాళ్ల బావమరిది బోటు సముద్రంలో రెండు రోజులు కొట్టుకుపోయిందట. ఇంజనుకి పెద్ద జబ్బేమీ లేదు. డీజిల్ పైపులో గాలి చేరింది. ఒక నట్టు వదులు చేసి, నాలుగుసార్లు చేతి పంపు కొట్టి, మళ్లీ బిగిస్తే స్టార్టయ్యేది. బోటులో ఉన్న అయిదుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఇంకో బోటు కనపడి తాడు కట్టి లాక్కొచ్చింది కాబట్టి బతికారు. ఆ తర్వాత మేస్త్రిగారు నోట్‌బుక్కుల్లో రాయడం మొదలుపెట్టారు. బొమ్మలు ఆయనే వేశారు. ఏడు నోట్‌బుక్కులు సంచీలో పెట్టుకుని మా షాపుకి వచ్చిన రోజు, "వేట నిషేధం టైములో బోట్లన్నీ ఒడ్డునుంటాయమ్మా. ఇంజన్లు ఇప్పేది అప్పుడే. అప్పటికి ఇది మనోళ్ల చేతుల్లో ఉండాల" అన్నారు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే ఆ నిషేధం ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. కంప్యూటర్ ఆగింది మార్చి రెండో వారంలో.

షాపతను వచ్చి డబ్బా విప్పి చూసి మదర్‌బోర్డు పోయిందన్నాడు. తక్కిన భాగాలన్నీ కలిసేది ఆ పెద్ద ఆకుపచ్చ పలక మీదే కాబట్టి అది పోతే అన్నీ ఉన్నా లేనట్టే. కొత్తది వేయమన్నాను. అక్కడొచ్చింది చిక్కు. నేను వాడే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌కి అగ్గిపెట్టెంత లాక్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ వెనకాల, పాతకాలం ప్రింటర్లు తగిలించే ఇరవై అయిదు చిల్లుల పోర్టులో దాన్ని గుచ్చాలి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇప్పటి బోర్డులకి ఆ పోర్టే రావడం లేదు. లాక్ అమ్మిన వాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు.

"వదిలేయండి మేడం. కొత్త ఫాంట్లకి మారిపోండి. సార్‌ని ఒకసారి షాపుకి పంపండి, ఏది తీసుకోవాలో ఆయనతో మాట్లాడతాను" అన్నాడు అతను.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. సార్‌కి ఆ లాక్ ఎక్కడ గుచ్చాలో కూడా తెలియదు.

మావారు సాయంత్రం స్కూల్నుంచి వచ్చి విషయం విన్నారు. ఆయన చెప్పిందీ అదే. ఎప్పటికైనా మారక తప్పదు కదా, ఇంత పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికి అన్నారు. ఆయన తప్పు మాట్లాడలేదు. అందుకే మర్నాడంతా పక్కింటి వాళ్ల కంప్యూటర్ దగ్గర కూర్చుని, పెన్ డ్రైవ్‌లో దాచుకున్న ఒక అధ్యాయాన్ని కొత్త ఫాంటులోకి మార్చి చూశాను. ఒత్తులన్నీ చెదిరిపోయాయి. 'క్రాంక్' అన్న మాట గుర్తుపట్టలేనట్టు తయారైంది. ఒక్క పేజీ దిద్దడానికి ముప్పావుగంట పట్టింది. మేస్త్రిగారు అక్షరం మీద వేలు పెట్టుకుని చదివే మనిషి. అలాగే వేలు పెట్టి నూట పదకొండు పేజీలకీ మూడుసార్లు ప్రూఫులు చూశారు. నాలుగోసారి మొదటినుంచీ చూడండని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మారతాను. ఈ పుస్తకం అయ్యాక మారతాను. ఎప్పుడన్నది నేను చెప్తాను" అన్నాను మావారితో. ఆయన స్కూల్లో వాడకుండా మిగిలిన రికార్డు పుస్తకం ఒకటి తెచ్చి, రాసుకోవడానికి పనికొస్తుందని బల్ల మీద పెట్టారు.

అప్పటినుంచి నాలుగు రోజులు నేను చేసిన పని చదవడం. ఫోన్లో మదర్‌బోర్డుల మాన్యువల్స్ దింపుకుని, అర్థం కాని ముక్కని పక్కన పెట్టుకుని, అర్థమైనదాన్ని రికార్డు పుస్తకంలో ఎక్కించాను. యూఎస్‌బీకి తగిలించే కన్వర్టర్ తెప్పించి పక్కింటి కంప్యూటర్‌కి పెట్టి చూశాను. సాఫ్ట్‌వేర్ లాక్‌ని గుర్తించలేదు. ఆ పోర్టున్న కార్డు విడిగా అమర్చుకోవచ్చని ఒకరన్నారు గానీ, ఆ కార్డు పోర్టుకి కంప్యూటర్ లోపల వేరే నంబరు, అంటే వేరే చిరునామా వస్తుందని, ఇలాంటి పాత లాకులు ఒక్క చిరునామాలోనే వెతుకుతాయని చదివాక ఆ ఆలోచన మానుకున్నాను. పోర్టు బోర్డు మీదే ఉండాలి. పాత ఆపరేటింగ్ సిస్టం దాని మీద నడవాలి. నా దగ్గరున్న ప్రాసెసరు, మెమరీ సరిపోతే మంచిది, లేకపోతే అవి కూడా దొరకాలి.

చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. కొన్ని బోర్డులకి వెనకాల పోర్టు కనపడదు గానీ, బోర్డు మీద రెండు వరసల సన్నని పిన్నులుంటాయి. వాటికి ఒక పట్టీ తీగె తగిలించి పోర్టుని బయటికి తెచ్చుకోవచ్చు. పక్కన చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఎల్‌పీటీ అని ఆ ప్రింటరు పోర్టు పేరు ఉంటుంది. ఈ సంగతి షాపతను చెప్పలేదు. బహుశా అతనికీ తెలియదు. అలాంటి బోర్డులు మూడు రకాలు పుస్తకంలో రాసుకున్నాను. వాటి పిన్నుల పటాలున్న పేజీలు ప్రింటు తీయించాను.

ఈలోగా మేస్త్రిగారు ప్రూఫుల కోసం వచ్చారు. సంగతి చెప్పాను. ఆయన విచారపడలేదు. పోయిన బోర్డు ఏదీ, చూపించమన్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మూల మూలా చూశారు. పచ్చగా బూజులా పట్టినచోట గోరుతో గీశారు.

"ఉప్పు గాలమ్మా. రాగి కనపడితే వదలదు. మా డైనమోలూ ఇట్టాగే పోతయ్" అన్నారు. తర్వాత, కొత్తది కొనేటప్పుడు తనూ వస్తానన్నారు. కంప్యూటర్ గురించి తనకి ఏమీ తెలియదనీ, తుప్పు గురించి మాత్రం తెలుసనీ చెప్పారు.

గుడివాడలో కాలేజీలూ ఆఫీసులూ తీసేసిన కంప్యూటర్లు కొని, విప్పి, భాగాలు అమ్మే ఆయన ఉన్నాడని ఒక ప్రెస్సు వాళ్లు చెప్పారు. ఫోన్ చేస్తే, వచ్చి చూసుకోండి, దొరికితే దొరుకుతుంది అన్నాడు. శనివారం పొద్దున ప్యాసింజర్ రైలు ఎక్కాం. నా సంచీలో లాకు, హార్డ్ డిస్కులు రెండు, సిస్టం సీడీ, ఫాంట్ల సీడీ, రికార్డు పుస్తకం, పాత బోర్డు మీంచి తీసిన ప్రాసెసరూ మెమరీ ఉన్నాయి. అన్నీ తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మేస్త్రిగారు తీగెలు పరీక్షించే మల్టీమీటరూ భూతద్దమూ తెచ్చుకున్నారు. పెడన దాటాక ఇద్దరం ఇడ్లీలు తిన్నాం. ఏ రకం బోర్డు ఎందుకు కావాలో ఆయనకి చెబుతూ వెళ్లాను. అలా చెప్పుకుంటూ పోతే నాకే ఇంకాస్త స్పష్టంగా అర్థమైంది.

గుడివాడ ఆయన దుకాణం ఒక ఇంటి వరండా, దాని వెనక ఒక పొడుగాటి షెడ్డు. మమ్మల్ని చూసి మేస్త్రిగారితో మాట్లాడటం మొదలుపెట్టాడు. మేస్త్రిగారు, "అడగాల్సింది అమ్మాయిగారినండీ, నన్ను కాదు" అన్నారు. అప్పుడు నా వైపు తిరిగాడు.

ముందు పాత రకం బోర్డు ఒకటి తెచ్చాడు. వెనకాల ఆ పొడుగాటి పోర్టు ఉంది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నడిపించి చూపించమన్నాను. నడుస్తుంది, గ్యారంటీ, తీసుకెళ్లండి అన్నాడు. నడిపించి చూడకుండా తీసుకోనన్నాను. కాస్త విసుక్కున్నాడు గానీ, నా ప్రాసెసరూ మెమరీ దానికి సరిపోవడంతో అమర్చి, నా డిస్కు తగిలించాడు. కంప్యూటర్ లేచింది. లాక్ గుచ్చాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. నూట పన్నెండో పేజీ, ఆగినచోటే, తెర మీద కనపడింది. నేను సంచీ సర్దుకోబోయాను.

మేస్త్రిగారు మాత్రం భూతద్దంతో బోర్డు మీదికి వంగే ఉన్నారు. ఈ బోర్డు ఎక్కడినుంచి వచ్చిందని దుకాణదారుణ్ణి అడిగారు. కైకలూరు వైపు ఒక రొయ్యల చెరువుల ఆఫీసు నుంచి అన్నాడు. ఆయన భూతద్దం నా చేతికిచ్చి జరిగారు. బ్యాటరీ పక్కన, మెమరీ గుచ్చే గాడి కింద, సన్నగా పచ్చని గీత పాకి ఉంది. దాని పక్కన చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్లలో రెండింటి నెత్తి కొంచెం ఉబ్బి ఉంది. ఉబ్బినవి వద్దని నా పుస్తకంలో నేనే రాసుకున్నాను. పోర్టు చూసిన సంబరంలో వాటివైపు చూడనేలేదు.

"ఇయ్యాల నడుస్తుంది. ఎన్నాళ్లంటే నేను చెప్పలేను. మీ ఇష్టమమ్మా" అన్నారాయన.

అది తీసుకుంటే ఆ సాయంత్రమే పని మొదలుపెట్టేయొచ్చు. అదే నన్ను లాగింది. కానీ పుస్తకం మధ్యలో ఇంకోసారి ఆగితే మళ్లీ ఈ తిరుగుడుకి టైము ఉండదు. వద్దన్నాను. దుకాణదారు, నడిచే బోర్డుని వద్దనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నానని నవ్వాడు. నవ్వనిచ్చి, రికార్డు పుస్తకం తెరిచి, నేను రాసుకున్న మూడు రకాలూ చదివాను. వాటిలో ఏదైనా ఉందా అని అడిగాను. ఒకటి ఉండాలి గానీ దానికి ఆ పోర్టు లేదన్నాడు. ఉన్నా లేకపోయినా తెమ్మన్నాను.

అట్టపెట్టెలో తెచ్చాడు. ఎవరో కొని వాడకుండా తిరిగిచ్చేసిన బోర్డట. ఎక్కడా మచ్చ లేదు. వెనకాల నిజంగానే పోర్టు లేదు. నేను అంచు వెంబడి వేలు పోనిచ్చుకుంటూ వెళ్లాను. కింది మూల, రెండు వరసల పిన్నులు, పక్కన చీమంత అక్షరాలు. చూపించాను. దుకాణదారు కూర్చున్నవాడు లేచి వచ్చి, నా చేతిలోంచి భూతద్దం తీసుకుని చదివాడు.

"ఇన్నేళ్లనుంచి అమ్ముతున్నానండీ. ఇది దేనికో అనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాతనుంచి అతను మా పనిలో మనిషిలా కలిసిపోయాడు.

పట్టీ తీగె మాత్రం పెట్టెలో లేదు. షెడ్డులోంచి పాత డబ్బాల వెనకాల వేలాడేవి రెండు వెతికి తెచ్చాడు. చూడటానికి రెండూ ఒకటే. కానీ తీగెల వరస తేడాగా ఉంటే లాకు కాలిపోవచ్చని నేను చదివాను. ఆ లాకు పోతే ప్రపంచంలో ఇంకోటి లేదు నాకు. వరండాలో చాప వేసుకుని కూర్చున్నాం. నేను ప్రింటు తీసిన పటం చూసి నంబరు చెప్పడం, మేస్త్రిగారు మల్టీమీటరు సూదులు ఆ రెండు చివర్లా పెట్టడం, కూత వస్తే తీగె కలిసినట్టే కాబట్టి టిక్కు కొట్టడం. మొదటి పట్టీకి రెండో తీగె దగ్గరే కూత రాలేదు. పక్కన పడేశాం. రెండోదానికి ఒకటి, రెండు, మూడు వచ్చాయి. ఇరవై అయిదూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచీ చూద్దామన్నాను. ఆయన మళ్లీ సూదులు పట్టుకున్నారు.

బోర్డుకి సరిపడే ప్రాసెసరూ మెమరీ దుకాణంలోనే దొరికాయి. నా రెండో డిస్కులో పాత సిస్టం కొత్తగా ఎక్కించాం. దానికే రెండు గంటలు పట్టింది. ఫాంట్ల సీడీ వేశాను. లాక్ గుచ్చాను. తెర మీద 'లాక్ కనపడలేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు ముక్క వచ్చింది.

దుకాణదారు మేం వద్దన్న బోర్డు వైపు ఒకసారి చూశాడు. నేను చదివిందంతా మళ్లీ మొదటినుంచీ మనసులో నడిపించుకున్నాను. పోర్టు ఉంది. తీగెలు సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది చిరునామా. కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, బోర్డు సెట్టింగుల పేజీలోకి వెళ్లాను. నీలం తెర మీద ఒక్కొక్క వరసా దిగుతూ వెళ్తే, అడుగున ఎక్కడో ఆ పోర్టు పేరుండి, ఎదురుగా 'డిజేబుల్డ్' అని ఉంది. పోర్టు అసలు నిద్రలోనే ఉంది. దాన్ని లేపి, పాత లాకులు వెతికే చిరునామా మూడు వందల డెబ్బై ఎనిమిది అని పెట్టి బయటికి వచ్చాను.

ఈసారి తెరుచుకుంది. మేస్త్రిగారు తన పుస్తకంలో మాట ఏదైనా కొట్టమన్నారు. 'క్రాంక్‌షాఫ్టు' అని కొట్టాను. ఒత్తులన్నీ ఎక్కడుండాలో అక్కడున్నాయి. ఆయన తెర మీద వేలు పెట్టి చదివి, సరిగ్గానే ఉందన్నారు. నా కళ్లు తడిశాయి. తువ్వాలు దులుపుతున్నట్టు అటు తిరిగాను.

మా ఇంటికొచ్చాక మేస్త్రిగారు ఇంకో మాట చెప్పారు. మోటార్ల కాయిళ్లకి పూసే వార్నిష్ దీనికీ పూస్తే ఉప్పు గాలి తగలదన్నారు. కొత్త బోర్డు మీద బ్రష్షు పెట్టడానికి నాకు భయం వేసింది. అలా పూస్తారా అని చదివి చూస్తే, ఓడల్లో వాడే యంత్రాల బోర్డులకి అలాంటి పూతే వేస్తారని తెలిసింది. ఆదివారం గాడులూ పిన్నులూ అన్నిటికీ కాగితం టేపు అంటించి, ఆయన పట్టుకుంటే నేనే పూశాను. రెండు రోజులు గుడ్డ కప్పి నీడలో ఆరబెట్టాం. ఆ రెండు రోజులూ మావారు ఆ గదిలో చీపురు కూడా ఆడనివ్వలేదు. దుమ్ము లేస్తుందని గుమ్మంలోనే నిలబడి అందరినీ ఆపారు.

పుస్తకం మార్చి చివరికి పూర్తయింది. విజయవాడ ప్రెస్సు ఆలస్యం చేయడంతో నిషేధం మొదలైన వారానికి కాపీలు చేతికొచ్చాయి. నలభై ఏడో పేజీలో ఒక బొమ్మని నేను తలకిందులుగా పెట్టాను. ఎవరూ చూసుకోలేదు. ప్రతి కాపీలోనూ సరైన బొమ్మ ఉన్న చీటీ అంటించాం, నేనూ, మావారూ, మేస్త్రిగారూ. పంపిణీ రోజు నాగాయలంక వెళ్లాను. ఒడ్డున లాగిన బోటు నీడలో పాతికమంది కూర్చుని ఉన్నారు. మేస్త్రిగారు ఇంజను విప్పుకుంటూ, పేజీ నంబరు చెప్పి ఒక్కొక్కరిచేతా చదివిస్తున్నారు. ఒకాయన చదువు రాదంటే పక్కాయన చదివి వినిపించాడు. నాకు కుర్చీ వేశారు. నేను వినడానికి కిందే కూర్చున్నాను.

పాత ఫైళ్లని కొత్త ఫాంట్లలోకి మార్చడం ఆ వేసవిలోనే మొదలుపెట్టాను. రోజుకి రెండు పేజీలు. ఈ బోర్డు కూడా ఎల్లకాలం ఉండదు. ఎప్పుడు మారాలో నేను చెప్తానని అన్నాను కదా, మారుతున్నాను.

వానలు మొదలయ్యాక మోపిదేవి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. గుడి వీధిలో టైపు షాపట. గుడివాడ దుకాణదారు నా నంబరు ఇచ్చాడట. ఆమెదీ అదే లాకు, ఆమె బోర్డూ పోయింది. మీరొచ్చి ఏది కొనాలో చెప్తారా అని అడిగింది. రికార్డు పుస్తకం సంచీలో వేసుకుని మర్నాడు బస్సెక్కాను. ఆమె డబ్బా బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడింది. మూత తీయడం తనకి తెలియదంది. కరెంటు తీగె పీకేస్తే షాకు కొట్టదని చెప్పి, స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చి, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.